మన ఆదివారం ల్యాబ్ షీట్‌ను ఎందుకు తిరగరాశాం

 

పోయిన నెల మీటింగ్‌లో ఒక పెద్దాయన లేచి అడిగిన ప్రశ్నకు మేము సరిగా జవాబు చెప్పలేకపోయాం. "కంప్యూటర్ క్లాసుకు సంఘం పైసలు పోతున్నయి. మొదటి ఆదివారం హాలు నిండుతది, నాలుగో ఆదివారం సగం మంది కూడ ఉండరు. పిల్లలకు ఇష్టం లేదా, మీకు చెప్పరాదా?" అన్నారు. నెట్ స్లో ఉందనీ పరీక్షలు వచ్చాయనీ ఏదో చెప్పి కూర్చున్నాం. అవి అబద్ధాలు కావు. కానీ అసలు సంగతి అది కాదని ఆ రోజే మాకు తెలుసు. అసలు లోపం మేము పిల్లల చేతికిచ్చిన కాగితంలో ఉంది. ఈ పొడుగు పోస్టు ఆ కాగితం గురించే. చదివే ఓపిక లేనివాళ్లు చివరి రెండు పేరాలు చూడండి, సాయం అడిగింది అక్కడే.

బయటి ఊళ్ల బంధువుల కోసం కుంభారి గురించి రెండు మాటలు. సోలాపూర్ పక్కన, దక్షిణ సోలాపూర్ తాలూకాలో ఉన్న ఊరు ఇది. ఆడం నరసయ్య మాస్టర్ ముందుండి నడిపిన పోరాటంతో బీడీలు చేసే ఆడవాళ్లకు ఇక్కడ పదివేల ఇళ్లు వచ్చాయి. గోదూతాయి పరుళేకర్ పేరుతో ఉన్న ఆ కాలనీ ఇళ్లను 2006లో అప్పటి ప్రధాని మన్మోహన్ సింగ్ అప్పగించారు. తర్వాత రేనగర్ వచ్చింది. ముప్పై వేల ఇళ్ల పథకం అది. అందులో పదిహేను వేల ఇళ్లను 2024 జనవరి 19న ప్రధాని మోదీ ప్రారంభించారు. పవర్‌లూమ్ మీద పనిచేసేవాళ్లు, బీడీ కార్మికులు, బండి మీద అమ్ముకునేవాళ్లు, డ్రైవర్లు ఉండే ఇళ్లు ఇవి. మన తాతలు తెలంగాణ నుంచి వచ్చి సోలాపూర్ మిల్లుల్లో, మగ్గాల మీద చెయ్యి పెట్టారు. వాళ్ల మనుమలు, మునిమనుమలు ఇప్పుడు బీఎస్సీ, బీసీఏ చదువుతున్నారు. ఎంఎస్‌-సీఐటీ సర్టిఫికెట్ లేని పిల్లలు తక్కువ. సాఫ్ట్‌వేర్ పని అంటే ఏమిటో చేత్తో చేసి చూసినవాళ్లు అంతకన్నా తక్కువ. ఆ లోటు కొంతైనా తీరుద్దామనే ఆదివారం ల్యాబ్ మొదలుపెట్టాం.

క్లౌడ్ ఎందుకు అని కూడా అడిగారు. మన దగ్గరున్నవి పాత కంప్యూటర్లు, ఒక్కోదానిలో ఒక్కో రకం విండోస్. పైథాన్ ఒక దానిలో ఎక్కుతుంది, ఇంకోదానిలో ఎక్కదు. ఆ ఎక్కించే తంటాలోనే మూడు ఆదివారాలు పోయేవి. క్లౌడ్ పద్ధతిలో పని చేసే కంప్యూటర్ ఎక్కడో ఉంటుంది, మన ముందు బ్రౌజర్ మాత్రమే ఉంటుంది. మనం వాడుతున్నది గిట్‌హబ్ కోడ్‌స్పేసెస్. ఇక్కడ సగం చేసిన పనిని సోమవారం కాలేజీలో తెరవచ్చు, బావ ల్యాప్‌టాప్ మీద తెరవచ్చు. కరెంటు పోయినా సేవ్ చేసిన పని అక్కడే ఉంటుంది. సొంత కంప్యూటర్ లేని ఇంటికి ఇది చాలా పెద్ద సంగతి. ఆ ఆలోచన తప్పని ఇప్పటికీ అనుకోవడం లేదు.

తప్పంతా కాగితంలోనే. పుణేలో సాఫ్ట్‌వేర్ పనిచేసే మన పిల్లలు ఇద్దరు కూర్చుని మొదటి షీట్ రాసిచ్చారు. ఇంగ్లీషులో తొమ్మిది పేజీలు, ముప్పై ఎనిమిది మెట్లు. చూస్తే మాకే గర్వంగా అనిపించింది, కలర్ ప్రింట్ తీయించాం. వాళ్లు చదువుతుంటే ప్రతి మెట్టూ సరిగ్గానే ఉంది. ఎందుకంటే రెండు మెట్ల మధ్య రాయకుండా వదిలింది వాళ్ల చేతులకు ముందే తెలుసు.

పిల్లలు ఎక్కడ ఆగుతున్నారో చాలా రోజులు మాకు కనబడలేదు, ఎందుకంటే మేము ఆగనివ్వలేదు. ఎవరి చెయ్యి నిలిచినా పరుగెత్తి మౌస్ లాక్కుని టకటకా నొక్కి "అయిపోయింది, ఇక చెయ్యి" అనేవాళ్లం. దానివల్ల పిల్లకు ఏమీ తెలియలేదు, మాకు అంతకన్నా తెలియలేదు. ఒక ఆదివారం ఒట్టు పెట్టుకున్నాం: ఈ రోజు ఎవరం నోరు తెరవొద్దు, చెయ్యి పెట్టొద్దు, వెనక నిలబడి ఎవరు ఏ మెట్టు దగ్గర ఎంతసేపు ఆగారో రాసుకుందాం అని. మా జన్మలో అంత కష్టమైన ఆదివారం లేదు. నోరు మూసుకోవడం మన సంఘంలో ఎవరికీ అలవాటు లేదు కదా.

ఆ రోజు ఎక్కువమంది ఆగింది మేము అనుకున్న కష్టమైన చోట కాదు. ఒక కమాండ్ కొట్టి ఎంటర్ నొక్కితే తెర మీద ఏమీ రాని చోట ఆగారు. గిట్ యాడ్ అని ఒక కమాండ్ ఉంది. పని సరిగా జరిగితే అది ఒక్క అక్షరం కూడా చూపించదు, మౌనంగా కింది లైనుకు వెళ్తుంది. ఒక అబ్బాయి దాన్ని ఆరుసార్లు కొట్టాడు. ఇంకొకరు కంప్యూటర్ ఆపి మళ్లీ పెట్టారు. క్లాసు అయ్యాక అడిగితే ఒక అమ్మాయి చెప్పింది: "ఏం రాలే కాకా. ఖరాబైందనుకున్న."

పవర్‌లూమ్ ఇంట్లో పెరిగిన పిల్లకు అలా అనిపించకపోతేనే వింత. మన ఇళ్లలో చప్పుడు ఉంటే పని నడుస్తున్నట్టు. చప్పుడు ఆగిందంటే పోగు తెగిందో, కండె అయిపోయిందో, కరెంటు పోయిందో. నిద్రలో ఉన్నా చప్పుడు ఆగితే లేచి కూర్చునే ఇళ్లు మనవి. అలాంటి పిల్లలకు "ఏమీ రాకపోతే మంచిదే, అంతా సరిగా జరిగినట్టు" అని ఒక్క లైను రాసివ్వలేదు మేము. ఇప్పుడు షీట్‌లో ప్రతి మెట్టు కింద "ఇప్పుడు తెర మీద ఇది కనబడాలి" అని ఒక లైను, "ఇది కాక వేరేది కనబడితే ఇలా చెయ్యి" అని ఇంకో లైను ఉంటాయి. మెట్లు తగ్గాయి కానీ ఒక్కో మెట్టు కొంచెం పెరిగింది.

రెండోది మా చేతకానితనమే. షీట్‌ను వర్డ్‌లో టైపు చేసి, దాన్నే పిల్లల గ్రూపులో కూడా పంపాం, కాపీ చేసుకుంటారు కదా అని. వర్డ్ దానంతట అది నిటారు కొటేషన్ గుర్తులను వంకర గుర్తులుగా, రెండు చిన్న గీతలను ఒక పొడుగు గీతగా మారుస్తుంది. అచ్చులో అందంగా ఉంటుంది. టెర్మినల్‌కు మాత్రం ఆ వంకర గుర్తు గుర్తే కాదు, ఏదో ఒక అక్షరం. గిట్ కమిట్ దగ్గర రెండు మాటల సందేశం పెట్టిన ప్రతి పిల్లకూ "పాత్‌స్పెక్" అంటూ ఎర్రర్ వచ్చింది. రెండో మాటను అది ఫైలు పేరనుకుని, అలాంటి ఫైలు లేదంటోంది. కళ్లతో చూస్తే షీట్‌లో ఉన్నదీ తెర మీద ఉన్నదీ ఒకటే. పిల్లలు తమ కళ్లను నమ్మకుండా తమ తెలివిని అనుమానించుకున్నారు. మాకు ఇది దొరకడానికి రెండు వారాలు పట్టింది. ఇప్పుడు కమాండ్లను వర్డ్‌లో పెట్టడం లేదు. కోడ్‌స్పేస్ తెరవగానే అందులోనే కనబడే ఒక సాదా ఫైల్‌లో ఉంటాయి, అక్కడి నుంచే కాపీ.

మూడో సంగతి ఒక పెద్దాయన బయటపెట్టారు. చద్దర్ల కార్ఖానాలో జాబర్‌గా చేసి, జకార్డు మగ్గాలు నడిపించి రిటైర్ అయిన మనిషి. మనవణ్ని దింపడానికి వచ్చి కూర్చున్నారు. ఊరికే ఎందుకు కూర్చోవడం, మీరూ చేయండి కాకా అని ఒక కంప్యూటర్ ముందు కూర్చోబెట్టాం. రెండో మెట్టులో "యువర్-నేమ్" అని ఉన్నచోట మా ఉద్దేశం సొంత పేరు రాయమని. ఆయన వై, ఓ, యూ, ఆర్ అని ఒక్కో అక్షరం వెతుక్కుని యువర్-నేమ్ అనే కొట్టారు. మేము నవ్వాం. ఆయన నవ్వలేదు. "అట్టల ఏమున్నదో మగ్గం మీద అదే దిగాలె. మీరు అట్ట ఒకటి కొట్టి, మనసుల ఇంకొకటి పెట్టుకుంటే చద్దరు మీద నెమలికి తోక వేరే తావు మొలుస్తది" అన్నారు.

1804లో ఫ్రాన్స్‌లో జకార్డు తెచ్చిన పద్ధతి అదే కదా. అట్టలో రంధ్రం ఉన్నచోట పోగు లేస్తుంది, లేనిచోట లేవదు, మధ్యలో ఎవరి ఊహకూ చోటు లేదు. మన ఇంటి విద్యే అది. కానీ మా షీట్ ఊహ మీదే నడుస్తోంది. ఆ తర్వాత లెక్కపెడితే "అందరికీ తెలిసిందే" అని వదిలేసినవి పద్నాలుగు దొరికాయి. సేవ్ చేయడం ఒకటి. టెర్మినల్ ఎక్కడుందో ఒకటి. కమాండ్ ముందున్న డాలర్ గుర్తు కొట్టకూడదన్నది ఇంకొకటి. మొదటి రోజు గిట్‌హబ్ ఖాతా తెరవడానికి మెయిల్‌కు వచ్చే కోడ్ కావాలి. ఆ మెయిల్ బాపు ఫోన్‌లో ఉంటుంది. బాపు ఫోన్ జేబులో పెట్టుకుని డ్యూటీకి పోయాడు. సగం హాలు అక్కడే గంటసేపు ఖాళీగా కూర్చుంది. ఖాతా పని ఇప్పుడు శనివారం సాయంత్రం ఇంట్లోనే చేయిస్తున్నాం, ఫోన్ ఇంట్లో ఉన్నప్పుడు.

భాష సంగతి చెప్పాలంటే కొంచెం సిగ్గుగా ఉంది. ఇంగ్లీషు అర్థం కావడం లేదేమో అని పిల్లల కోసం షీట్‌ను పట్టుబట్టి తెలుగులో రాశాం. మాతృభాష, మన సంస్కృతి, అన్నీ మాట్లాడుకున్నాం. పంచితే పిల్లలు కాగితాన్ని అటూ ఇటూ తిప్పారు. వాళ్లు ఇంట్లో తెలుగే మాట్లాడతారు, అమ్మతో తెలుగే, కొట్లాట కూడా తెలుగే. కానీ బడి చదువు మరాఠీలోనో ఇంగ్లీషులోనో. తెలుగు అక్షరం కూడబలుక్కుని చదవగలిగినవాళ్లు ఆ హాల్లో నలుగురు. అక్షరం నేర్పే క్లాసు మన సంఘానికి అవసరమే, అది వేరే కొట్లాట, వేరే పోస్టు. కోడ్ నేర్పే కాగితం మీద ఆ బాకీ తీర్చుకోవడం తప్పు. ఇప్పుడు షీట్ మరాఠీలో ఉంది, బటన్ల పేర్లు మాత్రం తెర మీద ఎలా ఉన్నాయో ఆ ఇంగ్లీషు అక్షరాల్లోనే. ఒకసారి "క్రియేట్ కోడ్‌స్పేస్ ఆన్ మెయిన్" అన్నదాన్ని అనువాదం చేసి పెడితే, ఆ బటన్ కోసం పాపం పదినిమిషాలు వెతికారు. నోటితో చెప్పడం మాత్రం మన తెలుగులోనే. చెప్పేటప్పుడు ఎవరికీ ఏ ఇబ్బందీ లేదు.

127.0.0.1 అనే అంకెల దగ్గర ఎంత గొడవైందో కూడా చెప్పాలి. పిల్లలు చిన్న వెబ్‌పేజీ చేసి నడిపిస్తే టెర్మినల్‌లో ఆ చిరునామా వస్తుంది. "ఈ యంత్రమే" అని దాని అర్థం. పిల్లలు దాన్ని చూసి బ్రౌజర్‌లో చేత్తో కొడతారు, పేజీ రాదు. ఎందుకు రాదంటే, ఆ మాట అన్నది ఎక్కడో ఉన్న క్లౌడ్ యంత్రం. కొట్టింది హాల్లో ఉన్న మన పాత కంప్యూటర్‌లో. "మా ఇంటికి రా" అని చుట్టం హైదరాబాద్ నుంచి ఫోన్ చేస్తే, మనం "మా ఇల్లు" అనుకుంటూ మన ఇంట్లోనే వెతికినట్టు. కోడ్‌స్పేసెస్‌లో పోర్ట్స్ అనే ట్యాబ్ ఉంటుంది, అక్కడ కనబడే లింకు నొక్కాలి. మొదటి షీట్‌లో ఈ ముక్క లేదు. రాసినవాళ్లు సొంత ల్యాప్‌టాప్ మీద పని చేసే అలవాటుతో రాశారు, అక్కడ ఆ అంకెలే పనిచేస్తాయి.

ఇక ఆ అమ్మాయి సంగతి. ఆమె ఒప్పుకున్నాకే రాస్తున్నాం, పేరు మాత్రం వద్దంది.

వాళ్ల అమ్మ బీడీలు చేస్తుంది. ఎంత ఆకు, ఎంత తంబాకు తెచ్చారు, ఎన్ని వేల బీడీలు ఇచ్చారు, ఎన్ని పనికిరావని తీసేశారు, కూలి ఎంత రావాలి అన్న లెక్క ఇంట్లో ఎప్పుడూ తగువే. ఆ పిల్ల అయిదు ఆదివారాల్లో ఆ లెక్క చూపించే చిన్న పేజీ చేసింది. మేము నేర్పిన అభ్యాసం కాదు, సొంత ఆలోచన. మొదటిసారి అమ్మకు ఫోన్‌లో చూపించబోతే తెరవలేదు, లాగిన్ అడిగింది. పోర్టు మామూలుగా ప్రైవేట్‌గా ఉంటుంది, ఆ ఖాతాతో లాగిన్ అయినవాళ్లకే కనబడుతుంది. అది మా షీట్‌లో లేదు. "మనకు తెరవదు బిడ్డా, అది పెద్దోళ్లది" అందట అమ్మ. ఆ మాట మాకు చెప్పినప్పుడు ఇద్దరం ముగ్గురం ఏమీ మాట్లాడలేకపోయాం. తర్వాతి వారం పోర్టును పబ్లిక్ చేయడం చూపించాం, అమ్మ చూసింది. (పబ్లిక్ చేస్తే లింకు తెలిసిన ఎవరైనా చూస్తారు, చూపించాక మళ్లీ ప్రైవేట్ చేయాలి. ఇప్పుడు షీట్‌లో ఇదీ ఉంది.)

ఆ తర్వాత ఆమెకు పరీక్షలు వచ్చాయి. నెల దాటి కొన్ని రోజులకు తిరిగి వచ్చింది. ఒక కంపెనీ ట్రైనీలను తీసుకుంటోందని, చేసిన పని ఏదైనా చూపించమన్నారని సంబరంగా చెప్పింది. తెరిస్తే కోడ్‌స్పేస్ లేదు. ఎవరూ తెరవకుండా ముప్పై రోజులు దాటిన కోడ్‌స్పేస్‌ను ఆ సేవ దానంతట అదే తీసేస్తుంది. దాచిపెట్టిన నియమం కాదు, ముందే రాసి ఉంది, మెయిల్ కూడా వస్తుంది. ఆ మెయిల్ అన్న ఫోన్‌లో పడి ఉంది. కమిట్ చేసి పుష్ చేసి ఉంటే కోడ్ అంతా గిట్‌హబ్‌లో భద్రంగా ఉండేది, కోడ్‌స్పేస్ పోయినా నిమిషాల్లో ఇంకొకటి తెరుచుకునేవాళ్లం. పుష్ చేయడం మా షీట్‌లో తొమ్మిదో పేజీలో ఉంది. పైన "ఐచ్ఛికం" అని శీర్షిక. టైము ఉంటే చేయండి అని.

నేసిన చద్దరును మగ్గం మీదే వదిలి, కోసి ఇంటికి తీసుకుపోవడం ఐచ్ఛికం అని రాసినట్టు.

ఆ పిల్ల ఏడవలేదు. సంచిలోంచి నోట్‌బుక్ తీసింది. రాసిన కోడ్‌లో ఎక్కువ భాగం పెన్నుతో నోట్‌బుక్‌లో ఎత్తిరాసుకుంది. ఎందుకు రాశావమ్మా అంటే, "కంప్యూటర్ మనది కాదు కదా, నోట్‌బుక్ మనది" అంది. రెండు ఆదివారాలు కూర్చుని మళ్లీ కట్టింది, అప్పటికి ఆ కంపెనీ తేదీ దాటిపోయింది. ఆ అవకాశం పోయింది. అది మా కాగితం వల్ల పోయింది, ఇంకెవరి వల్లా కాదు.

ఆ నోట్‌బుక్ మేము అడిగి తీసుకుని చూశాం. పక్క మార్జిన్‌లో మరాఠీలో చిన్న చిన్న మాటలు. ఏ మెట్టు దగ్గర ఏం కనబడింది, ఎక్కడ మేము చెప్పినట్టు రాలేదు, తను ఏం చేస్తే దారికొచ్చింది. మా తొమ్మిది పేజీల కన్నా ఆ మార్జిన్ నయం. రెండో షీట్‌ను చాలావరకు అందులోంచే రాశాం.

ఇలాంటి పని మనకన్నా ముందే చేసినవాళ్లు ఉన్నారని తర్వాత తెలిసింది. అమెరికాలో ఐబీఎం పరిశోధనశాలలో జాన్ కారల్ అనే ఆయన 1980లలో, వర్డ్ ప్రాసెసర్ నేర్చుకునేవాళ్లను కూర్చోబెట్టి గమనించాడు. జనం పెద్ద పుస్తకాలు వరుసగా చదవరని, ముందే చెయ్యి పెడతారని, తప్పులు చేస్తారని చూశాడు. అందుకే ఆయన పుస్తకాన్ని కుదించాడు, కానీ తప్పు జరిగితే ఎలా బయటపడాలో అన్నదానికి చోటిచ్చాడు. చిన్న పుస్తకంతోనే జనం బాగా నేర్చుకున్నారు. 1990లో దీనిమీద పుస్తకం కూడా రాశాడు. అలాగే 1998లో మొదలైన సాఫ్ట్‌వేర్ కార్పెంట్రీ అని ఒకటి ఉంది, సైన్సు చదివేవాళ్లకు కోడ్ నేర్పుతారు. వాళ్ల క్లాసులో ప్రతివాళ్ల దగ్గరా రెండు రంగుల చీటీలు ఉంటాయి. పని అయితే ఒక రంగు, ఇరుక్కుంటే ఇంకో రంగు చీటీని ల్యాప్‌టాప్‌కు అంటిస్తారు. చెయ్యి ఎత్తి అందరి ముందూ అడగడానికి సిగ్గుపడేవాళ్లకు అది చాలా మేలు. మేము చీటీలు కొనలేదు. మన దగ్గర నూలుకు కరువా? ఎర్ర పోగు ఒకటి, పచ్చ పోగు ఒకటి మానిటర్‌కు వేలాడుతుంటాయి. ఎర్ర పోగు ముందుకు వేస్తే ఎవరో ఒకరం వెళ్తాం. మౌస్ ముట్టకుండా చెప్పాలన్నది షరతు.

ఇంకో పెద్ద మార్పు కనబడకుండా జరిగింది. పాత షీట్‌లో సగం మెట్లు సామాన్లు ఎక్కించుకోవడానికే. ఇప్పుడు ఆ సామాన్ల జాబితా అంతా డెవ్‌కంటెయినర్ అనే ఫైల్‌లో రాసిపెట్టాం, ఏది ఏ వెర్షన్ అన్నదీ అంకెతో సహా. పిల్ల కోడ్‌స్పేస్ తెరవగానే అందరికీ ఒకేలాంటి మగ్గం, పడుగు ఎక్కించి, సిద్ధంగా ఉంటుంది. మెట్టు ఎంత బాగా రాయాలో ఆలోచించే ముందు అసలు ఆ మెట్టు లేకుండా చేయవచ్చా అని చూడాలన్న సంగతి మాకు ఆలస్యంగా వెలిగింది. ముప్పై ఎనిమిది ఇప్పుడు పదిహేడు.

గంటల లెక్క గురించి తల్లిదండ్రులు భయపడుతున్నారు కాబట్టి స్పష్టంగా చెబుతున్నాం. గిట్‌హబ్ ఉచిత ఖాతాకు నెలకు 120 కోర్-గంటలు ఇస్తుంది. రెండు కోర్ల యంత్రం తీసుకుంటే 60 గంటలు వస్తాయి, నాలుగు కోర్లు తీసుకుంటే 30 మాత్రమే. ఒకబ్బాయి పెద్దది మంచిది కదా అని నాలుగు తీసుకుని నెల మధ్యలోనే ఖాళీ చేసుకున్నాడు. ట్యాబ్ మూసేస్తే యంత్రం వెంటనే ఆగదు, మామూలుగా అరగంట ఎదురుచూసి ఆగుతుంది. ఆ అరగంటా మన లెక్కలోనే. అందుకే షీట్‌లో చివరి మెట్టు "స్టాప్ కోడ్‌స్పేస్", దానికి ముందు మెట్టు పుష్. కార్డు ఇవ్వకపోతే బిల్లు రాదు, గంటలు అయిపోతే వచ్చే నెల దాకా ఆగాలి, అంతే. ఎవరూ ఎక్కడా కార్డు నంబర్ ఇవ్వొద్దు, ఎవరైనా అడిగితే మాకు చెప్పండి.

వీడియో చేసి పెట్టొచ్చు కదా అని చాలామంది అన్నారు. మాలో మాకే దీనిమీద ఇంకా తగువుంది. వీడియోలోంచి కమాండ్ కాపీ చేయలేరు, వెనక్కీ ముందుకీ జరుపుతూ కూర్చోవాలి, బటన్ చోటు మారితే మొత్తం మళ్లీ తీయాలి. బటన్లు మారడమే కాదు, సేవలే పోతాయి. మా షీట్ మొదటి ముసాయిదా అమెజాన్ వారి క్లౌడ్9 కోసం రాసింది. 2024 జూలై 25 నుంచి దాన్ని కొత్తవాళ్లకు ఇవ్వడం ఆపేశారు. కాగితమైతే దిద్దుకోవచ్చు. ఇప్పుడు షీట్ పైన "ఫలానా తేదీన మొదటి నుంచి చివరి దాకా చేసి చూశాం" అని రాస్తున్నాం. ఆ తేదీ పాతబడితే నమ్మొద్దని పిల్లలకు చెప్పాం.

అన్నీ దిద్దాక ఇంకో చిక్కు వచ్చింది, ఇది మాకు ఇంకా తేలలేదు. షీట్ ఎంత బాగైందంటే ఒక పిల్లాడు పదిహేడు మెట్లూ నలభై నిమిషాల్లో పూర్తి చేశాడు, ఎర్ర పోగు ఒక్కసారి వేయలేదు. చాలా సంతోషించి, ఏం చేశావు బాబూ అని అడిగాం. "కాగితంల ఉన్నది చేసిన" అన్నాడు. పేజీ మీద తన పేరు మార్చమంటే ఏ ఫైల్ తెరవాలో తెలియలేదు. జాబర్ కాక చెప్పిన అట్టల సూత్రం మగ్గానికి సరిపోతుంది, నేర్చుకునే పిల్లాడు మగ్గం కాదు కదా. దీనికి ఇప్పటికి మేము చేసింది ఏమిటంటే, ప్రతి మూడు నాలుగు మెట్లకు ఒకటి కమాండ్ లేకుండా వదులుతున్నాం. ఏం కనబడాలో ఉంటుంది, ఎలా అన్నది ఉండదు. ఆ మెట్టు దగ్గర ఎర్ర పోగులు బాగా వేలాడుతున్నాయి. కొందరు పిల్లలు కాగితం తప్పు అంటున్నారు. ఇవి మంచి పోగులా చెడ్డ పోగులా అని ప్రతి ఆదివారం సాయంత్రం చాయ్ దగ్గర వాదించుకుంటున్నాం.

ఇప్పుడు సాయం సంగతి. మూడో షీట్ సిద్ధమైంది. దాన్ని పిల్లలకు ఇచ్చే ముందు, ఇంతవరకు కంప్యూటర్ ముట్టనివాళ్లు ముగ్గురు కావాలి. అక్కలు, వదినెలు, పెద్దవ్వలు ఎవరైనా సరే, మరాఠీ చదవగలిగితే చాలు. వచ్చే ఆదివారం పొద్దున పది గంటలకు హాల్లో ఒక్క గంట కూర్చోవాలి. మీకు వచ్చా రాదా అని ఎవరూ చూడరు, కాగితం పనికొస్తుందా లేదా అని చూస్తాం. బీడీల పని ఆగుతుందనుకుంటే చెప్పండి, ఆ గంట కూలి సంఘం ఇస్తుంది, కమిటీలో ఒప్పుకున్నారు. కళ్లద్దాలు మరిచిపోవద్దు.

ఆ అమ్మాయి ఆ రోజు మీ వెనక నిలబడి రాసుకుంటుంది. ఈసారి ఆమెకు కొత్త నోట్‌బుక్ మేమే కొనిచ్చాం, పాతది ఇంకా మా దగ్గరే ఉంది. తిరిగి ఇవ్వమని రెండుసార్లు అడిగింది. ఇస్తాం.